పద్నాలుగో తుపాకీ

మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఓబులేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సుకు బేతంచెర్ల వెళ్లాలి. రూపాయి బిళ్లంత రబ్బరు వాషరు ఒకటి కొనాలి. పదింటి బస్సుకు వెనక్కి రావాలి. పదిన్నరకల్లా దాన్ని తన భార్య తుపాకీకి బిగించాలి.

అందులో చివరిది ఒక్కటే అనుకున్నట్టు జరగలేదు.

ఎర్రబండపల్లెలో భార్యకు తుపాకీ ఉన్న మగవాడు ఓబులేసు ఒక్కడే. అది ఎవరినీ చంపే తుపాకీ కాదు, పిలిచే తుపాకీ. అతని భార్య రాజేశ్వరి ఇరవై రెండేళ్లు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లపొడి ఉండేది. కనురెప్పల మీది పొడి నీళ్లతో పోయింది. లోపలికి వెళ్లింది పోలేదు. కర్నూలు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఇంట్లో ఉంచుకోండి, బాగా చూసుకోండి" అన్నాడు. ఆ మాటకు అర్థం దారిలో బస్సు సగం దూరం వచ్చాక ఓబులేసుకు తెలిసింది.

మొదట పోయింది గొంతు. ఆమె మాట మూరెడు దూరం దాటేది కాదు. ఓబులేసుది పంక్చర్ల అంగడి. ఇంటి ముందుగది అంగడి, నడిమి గదిలో రాజేశ్వరి మంచం, మధ్యలో తలుపు, తలుపుకు ఇవతల కంప్రెసరు. అది మొదలైతే పక్కన పిడుగు పడినా వినపడదు. పళ్లెం మీద గరిటెతో కొట్టమన్నాడు. నెల తిరిగేసరికి ఆమెకు గరిటె బరువైంది. ఫోన్ ఇచ్చాడు. జేబులో ఫోన్ వణికేది, కానీ కంప్రెసరు పక్కన నిలబడ్డవాడికి ఒళ్లంతా వణుకుతూనే ఉంటుంది.

అప్పుడు అతనికి తన పాత పని గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో మహానంది శివరాత్రి తిరునాళ్లకు ఇద్దరూ బొమ్మ తుపాకులు చేసి అమ్మేవాళ్లు. గొట్టం, గాలి, స్పాంజి గుండు. గొట్టాలు అతనివి, గుండ్లు ఆమెవి. కొలత లేకుండా కంటితోనే కోసేది. వంద కోసినా వందా ఒకటే సైజు. తర్వాత ఎక్కడినుంచో రంగురంగుల ప్లాస్టిక్ తుపాకులు దిగాయి, వీళ్ల సరుకు మూలన పడింది. ఆ గుండ్లు మిగిలినవి అటక మీద పాలపొడి డబ్బాలో ఇంకా ఉన్నాయి.

నాలుగు నెలలు, ఏడు తుపాకులు. మొదటిదానికి గొట్టం రెండు మూరలు పెట్టాడు, పొడవైతే బాగా పోతుందని. పోలేదు. గాలి అయిపోయాక మిగిలిన గొట్టమంతా గుండును వెనక్కి పట్టుకునేదే. కోస్తూ కోస్తూ మూరెడుకు వచ్చాడు. రెండోదాంట్లో గుండు బిగుతై ఇరుక్కుంది. మూడోదాంట్లో వదులై, గాలి ముందు పోయి గుండు వెనక దొర్లింది. నాలుగోది తగిలితే మెడ మీద బొబ్బ లేచింది. "ఇది పిలిచినట్లు ల్యా, తిట్టినట్లుండాది" అన్నాడు తనే. ఐదు, ఆరు బాగానే ఉన్నాయి కానీ మీట ఆమె వేలికి లొంగలేదు. చివరికి కర్నూలు పాత సామాన్ల బజారులో, పళ్ల డాక్టరు కుర్చీకి ఉండే గాలి మీట ఒకటి దొరికింది. ఈగ వాలినా నొక్కుకుంటుంది. నొక్కితే ఒక గుక్కెడు గాలి మాత్రం వదిలి మూసుకుంటుంది. అదే ఏడో తుపాకీ.

మంచం పక్కన ఇనుప కాలు మీద, గొట్టం తలుపులోంచి అంగడి వైపు ఉండేలా నిలబెట్టాడు. పాత మంచం కోడు చెక్కి పిడి చేశాడు. గేటుకు పూయగా మిగిలిన నల్లరంగు పూశాడు. పైన నిలువు గొట్టంలో ఆరు గుండ్లు ఒకదాని మీద ఒకటి. కింద చిన్న గాలి తిత్తి. రోజూ పొద్దున్నే సైకిల్ పంపుతో నలభైసార్లు కొట్టి దాన్ని నింపేవాడు. ట్రాక్టరు టైరుకు రెండు నిమిషాల్లో గాలి పట్టగల మనిషి. పడుకున్న మనిషికి పట్టలేక ఆమె తుపాకీకి పట్టేవాడు.

ఒక గుండు వీపుకు తగిలితే మంచినీళ్లు. రెండు తగిలితే పక్క తిప్పి పడుకోబెట్టాలి. గిరాకీతో "ట్యూబు మార్చాల్సిందేనప్పా" అని అబద్ధం చెప్పినప్పుడు కూడా ఒకటి తగిలేది. అది నీళ్లకు కాదని అతనికి తెలుసు. మూడు తగిలితే మాత్రం ఏమీ లేదు. పరిగెత్తుకుని లోపలికి పోయి, గ్రీజు చేతులు గాల్లో పెట్టుకుని, "ఏందీ? ఏమైందీ?" అంటే ఆమె నవ్వేది.

"ఏం ల్యా. ఊరికే."

ఒకరోజు లారీ చక్రం విప్పి పెట్టుకుని ఉన్నాడు. డ్రైవరు నెత్తిన నిలబడి అరుస్తున్నాడు. టప్, టప్, టప్. లోపలికి పోయాడు. "ఊరికే" అంది.

"ఊరికూరికే కొట్టాకు రాజేశ్వరీ! నన్ను పనిజేసుకోనిస్తావా, లేదా?"

ఆమె తలూపింది. ఆ రోజునుంచి మూడు గుండ్లు పడలేదు. పని చకచకా సాగుతోందని అనుకున్నాడు ఓబులేసు. అంతకు మించి గమనించలేదు.

ఇక మంగళవారం. ఆ సమయానికి ఇంట్లో ఇంకొక మనిషి ఉంది, ఓబులేసు అక్క హనుమమ్మ. మరదలిని చూసుకోవడానికి తుమ్మలపల్లె నుంచి వచ్చి ఎనిమిది రోజులైంది. తుపాకీలోంచి గాలి కారుతోందని, వాషరు పోయిందని ఓబులేసు ఆమెకు చెప్పాడు. గుండ్లు ఆరూ లెక్కపెట్టి నింపి బస్సెక్కాడు.

ఎనిమిదిన్నరకు వీధిలోకి ఆటో వచ్చింది. దాని మీద మైకు. స్థానిక ఎన్నికల కోడ్ వచ్చిందనీ, తుపాకులు ఉన్నవాళ్లు ఈ రోజు సాయంత్రం లోపల స్టేషన్లో అప్పజెప్పాలనీ, లేకపోతే కేసు తప్పదనీ దండోరా.

పదిన్నరకు ఓబులేసు వాషరు జేబులో వేసుకుని ఇంట్లో అడుగుపెట్టాడు. మంచం పక్కన ఇనుప కాలు ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉంది.

"అక్కా, తుపాకీ యాడ?"

"స్టేషన్లో ఇచ్చొచ్చినా" అంది హనుమమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"స్టేషన్లోనా? ఏ స్టేషన్లో?"

"రైలు స్టేషన్లో ఇస్తారా తుపాకీ? పోలీసు స్టేషన్లో. మైకులో చెప్తాండారు, వినలా?"

"అక్కా, అది బొమ్మ తుపాకీ! స్పాంజి గుండ్లు!"

"మీ బావది మాత్రం ఏంది? సెనగ చేన్లో పందుల్ని బెదిరిచ్చే పైపు. ఢామ్మంటాది, పొగొస్తాది, అంతే. దానికి మూడు దినాలు కూకోబెట్టిరి గదా స్టేషన్లో! అది పందులదని వాళ్లకు అర్థమయ్యేతలికి ఈ మనిషికి జరమొచ్చె. నా తమ్మునికి ఆ గతి పట్టగూడదని నేనే పోయి ఇచ్చేసినా. మంచిగ మాట్లాడినాడు ఆ రాసుకునేటాయన. టీ గూడా తాపిచ్చినాడు."

ఓబులేసు మంచం వైపు చూశాడు. రాజేశ్వరి గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గుతోందో నవ్వుతోందో తెలియలేదు.

స్టేషన్లో రైటరు గిడ్డయ్య రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా రాసిన చేయి. రాసినదాన్ని కొట్టేయడం ఆ చేతికి అలవాటు లేదు.

"నీ పేరు మీద తుపాకీ ల్యాదప్పా ఓబులేసూ."

"నా పేరు మీద ఉండదు సార్. అది బొమ్మది. మా ఇంటిదానికి నేను చేసిచ్చింది. పొద్దున మా అక్క తెలీక తెచ్చిచ్చింది."

"ఆయమ్మదా?" గిడ్డయ్య వేలితో గీత వెంట నడిచాడు. "ఎవరి తుపాకీ అమ్మా అంటే 'పెద్ద ఈరన్న ఇంట్లోది' అనె. రాసినా. పద్నాలుగో నంబరు. పెద్ద ఈరన్న, లైసెన్సుదారుడు."

తప్పు ఎక్కడ జరిగిందో ఓబులేసుకు అర్థమైంది. అతను ఉంటున్నది పెద్ద ఈరన్న ఇంట్లో అద్దెకు. పెద్ద ఈరన్న పోయి రెండేళ్లయినా, ఎర్రబండపల్లెలో ఆ ఇంటికి వేరే పేరు లేదు. పోస్టు కూడా ఆ పేరుతోనే వస్తుంది.

"సార్, అద్దె ఇంటి పేరు చెప్పింది సార్ ఆమె, తుపాకీ ఓనరు పేరు కాదు."

"ఇట్ల కూచ్చో." గిడ్డయ్య గొంతు తగ్గించాడు. "మండలంలో లైసెన్సులు పద్నాలుగు. పదమూడు వచ్చినాయి. పద్నాలుగోది పెద్ద ఈరన్నది. ఆయన పోయినప్పట్నుంచి దాని జాడ ల్యా. రెండేండ్లుగా నోటీసులు రాసి రాసి నా చెయ్యి పడిపోయినాది. ఈ పొద్దు దేవుడు పంపినట్ల మీ అక్క వచ్చె. గొట్టముండాది. పిడి ఉండాది. నల్లగుండాది. పద్నాలుగుకు పద్నాలుగు వచ్చినాయని పదింటికే జిల్లాకు మెసేజీ పోయినాది. ఇప్పుడు నీది నీకిస్తే పదమూడైతాది. పద్నాలుగోది యాడికి పోయినాదని అడిగితే ఏం చెప్పాల? గాలికి పోయిందనాల్నా?"

"గాలితోనే పోతాది సార్ అది! ఒక్కసారి నొక్కి చూడండి!"

"కోడ్ టైంలో స్టేషన్లో తుపాకీ పేల్చమంటావా?"

ఓబులేసు బల్ల మీది తన తుపాకీని చూశాడు. పిడికి సుతిలితో కట్టిన అట్టముక్క మీద 14 అని ఉంది. పై గొట్టంలోకి చూసి ఉలిక్కిపడ్డాడు.

"మూడే ఉండాయే! గుండ్లు ఆరుండాల సార్. పొద్దున నేనే లెక్కబెట్టి వేసినా."

గిడ్డయ్య ముఖం మారింది. "స్టేషన్లో దొంగతనమంటావా?"

"ఏమది?" అంటూ లోపలి గదిలోంచి ఎస్సై వచ్చాడు. ఉద్యోగంలో కొత్త, ఎన్నికలకు ఇంకా కొత్త.

"గుండ్లు మూడు తక్కువున్నాయంటాండు సార్."

ఎస్సైకి కావలసిన మాట అదొక్కటే వినపడింది. "ఎలక్షన్ ముందర మూడు బుల్లెట్లు మిస్సింగా? ఎవరి దగ్గరున్నాయి?" ఓబులేసు స్పాంజి అన్నాడు, బొమ్మ అన్నాడు, మహానంది అన్నాడు. ఎస్సై అతన్ని ఆపి, గిడ్డయ్య వైపు తిరిగాడు. "వచ్చింది ఆరు అని రాయి. వాపసు ఇచ్చేటప్పుడు తక్కువైనవాటికి యజమాని కారణం రాసి సంతకం పెట్టాలి. అది రూలు."

మూడు ఆరైంది. అక్షరాల్లో కూడా.

తుపాకీ వెనక్కి కావాలంటే లైసెన్సుదారుడి వారసుడు వచ్చి 'ఇది మాది కాదు' అని రాసివ్వాలని తేలింది. పెద్ద ఈరన్న కొడుకు ఉమామహేశ్వర కర్నూలులో కాంట్రాక్టరు. ఓబులేసు ఫోన్ చేసి బతిమాలితే శుక్రవారం కారేసుకుని వచ్చాడు. తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు. బల్ల మీది తుపాకీని చూశాడు. కళ్లద్దాలు తీశాడు.

"నాయనా!" అన్నాడు.

"ఉమన్నా, అది నేను చేసింది" అన్నాడు ఓబులేసు.

"మా నాయనదే! ఈ పిడి నేను మర్చిపోతానా? చిన్నప్పుడు దీన్ని పట్టుకోనే నిద్దరపోతాంటిని."

"ఆ పిడి మా పాత మంచం కోడన్నా!"

ఉమామహేశ్వర అతని భుజం మీద చేయి వేసి వరండాలోకి నడిపించాడు. అక్కడ అతని కన్నీళ్లు టక్కున ఆగాయి. "ఓబులేసన్నా, నీకు దండం పెడతా. నాయన తుపాకీ నాపరాయి క్వారీ గుంతలో పడిపోయినాది. పెండ్లి ఊరేగింపులో నేనే ఎగరేసి పట్టుకుందామని ఎగరేసినా. పట్టుకోలేకపోయినా. అరవై అడుగుల నీళ్లు. లైసెన్సు తుపాకీ పోగొట్టినానంటే లోపలేస్తారు. రెండేండ్లుగా నిద్దర ల్యా. నీ తుపాకీ నా ప్రాణం కాపాడినాది."

"నా భార్య పిలవాలన్నా, దాంతోనే..."

"ఇంగోటి చేసుకో. నీకేం, పనిమంతునివి."

ఓబులేసుకు ఒక్క ఆశ మిగిలింది. ఆ మధ్యాహ్నమే జిల్లా నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నాడు. అప్పటికే గిడ్డయ్యకు గుబులు పట్టుకుంది. మిగతా పదమూడింటి మీటలు నొక్కితే టక్కుమన్నాయి, పద్నాలుగోది తుస్సుమంది.

"దాంట్లో ఏందో పోయినట్లుండాదప్పా. రోంత బాగుజెయ్యి. పనిజెయ్యని తుపాకీకి లైసెన్సెందుకని అడుగుతాడు సారు."

ఓబులేసు జేబులోంచి వాషరు తీశాడు. స్టేషన్ వరండాలో గొంతుక్కూర్చుని బిగించాడు. సైకిల్ పంపు తెప్పించి నలభైసార్లు కొట్టాడు. మంగళవారం పదిన్నరకు కావలసిన పని శుక్రవారం రెండున్నరకు పూర్తయింది. చాలా శ్రద్ధగా చేశాడు. అది బాగా పనిచేస్తే బొమ్మ అని తెలిసిపోతుంది కదా, చేతికిచ్చి పొమ్మంటారు కదా!

పెద్దసారు వరసగా ఒక్కో తుపాకీ చూస్తూ వచ్చాడు. పద్నాలుగోదాన్ని ఎత్తాడు. తేలిగ్గా లేచింది. కనుబొమలూ లేచాయి. వేలు మీట మీద పెట్టాడు, నొక్కాలని కూడా కాదు.

టప్.

ఎస్సై నుదుటి మీద, టోపీ అంచుకు సరిగ్గా కింద, స్పాంజి గుండు తగిలి, ఒక గంతు వేసి, గిడ్డయ్య టీ గ్లాసులో పడింది. ఎస్సై అదిరిపడి సెల్యూట్ కొట్టాడు.

పెద్దసారు గ్లాసులో తేలుతున్న గుండును చూశాడు. ఎస్సైని చూశాడు. చేతిలోని జాబితాను చూశాడు.

"పద్నాలుగు వచ్చాయని పైకి పంపేశారా?"

"మంగళవారమే పంపినాం సార్" అన్నాడు గిడ్డయ్య.

"ఎవరెవరికి?"

"కలెక్టరాఫీసుకు, ఎన్నికలోళ్లకు, రేంజి డీఐజీకి."

పెద్దసారు పెన్ను తీశాడు. "అయితే పద్నాలుగే" అన్నాడు. జాబితాలో 'పనిచేయు స్థితిలో ఉన్నది' అని రాసి సంతకం చేశాడు. తుపాకీ కింద పెడుతూ మీటను ఇంకోసారి వేలితో తడిమాడు. "చాలా మెత్తగా ఉందే! ఎవరు చేశారిది?"

ఓబులేసు నోరు తెరిచాడు.

"మా నాయన చేయించినాడు సార్" అన్నాడు ఉమామహేశ్వర.

ఓబులేసు ఇంటికి వచ్చి ఎనిమిదో తుపాకీ మొదలుపెట్టాడు. కర్నూలులో ఆ బజారంతా తిరిగాడు. పళ్ల డాక్టరు మీట ఇంకొకటి దొరకలేదు. స్ప్రే గన్ మీట పెట్టాడు. రాజేశ్వరి వేలు పట్టుకుని దాని మీద ఉంచాడు. ఆమె నొక్కింది. మీట కదల్లేదు. ఇంకోసారి నొక్కింది. నుదుటి మీద చెమట పట్టింది.

"బాగుండాది" అంది.

"యాడ బాగుండాది? కదల్లేదు గదా."

"అది... పక్కన బెట్టు." కాసేపు ఊపిరి పోగుచేసుకుంది. "నువ్వుండావు గదా."

వేరే దారి లేక అతను ఉన్నాడు. అంగడి తలుపు సగం మూశాడు. కంప్రెసరు ఆపాడు. చిన్నచిన్న బాగుచేతలు మంచం పక్కకే తెచ్చుకున్నాడు. తర్వాత అవి కూడా తేవడం మానేశాడు. ముక్కాలిపీట వేసుకుని, ఆమె చేతిని తన అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు. మూరెడు దూరం దాటని మాటకు మూరెడు దూరంలో కూర్చుంటే వినపడుతుంది. ముప్పై ఏళ్లలో వినని మాటలు ఇరవై మూడు రోజుల్లో విన్నాడు. మహానందిలో మొదటి ఏడాది తుపాకులు అమ్ముడుపోవాలని ఆమె దొంగతనంగా మొక్కుకున్న సంగతి. ఫ్యాక్టరీలో ముక్కుకు గుడ్డ కట్టుకుంటే మేస్త్రి నవ్వేవాడని మానేసిన సంగతి. మాట అలిసిపోతే వేలితో అతని అరచేతిలో నొక్కేది. ఒకసారి నొక్కితే నీళ్లు. రెండుసార్లు నొక్కితే పక్క తిప్పడం.

మూడుసార్లు నొక్కితే, "ఏంది?" అని అడిగేవాడు, తెలిసీ.

"ఊరికే."

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఎస్సై నుదురు. రోజుకోసారి చెప్పించుకునేది. గుండు గ్లాసులో పడ్డచోట కళ్లతో నవ్వేది. ఇరవై మూడో రోజు మధ్యాహ్నం కూడా చెబుతున్నాడు. "తగిలె. ఎగిరె. ఆ పక్కనే గిడ్డయ్య సార్ టీ గ్లాసు..." అతని అరచేతిలో వేలు నొక్కింది. ఒకటి. రెండు.

మూడోదాని కోసం ఓబులేసు చాలాసేపు ఎదురుచూశాడు.

ఎన్నికలు అయిపోయాయి. ఎవరో గెలిచారు. వీధిలో టపాసులు కాల్చినవాళ్లు ఆ ఇంటి ముందుకొచ్చేసరికి ఆపి, దాటాక మళ్లీ కాల్చుకున్నారు. పదకొండో దినం అయిపోయిన మరునాడు హనుమమ్మ పరుపు ఎండలో వేయడానికి ఎత్తింది. తలగడ గలీబులోంచి మూడు స్పాంజి గుండ్లు రాలి గచ్చు మీద దొర్లాయి.

ఓబులేసు వాటిని చూశాడు, అక్కను చూశాడు.

హనుమమ్మ గచ్చు మీద కూలబడింది. "నేను తెలివితక్కువదాన్ననుకుంటివా? స్పాంజి గుండు తగిలితే చస్తారో బతుకుతారో నాకు తెల్దా? ఆ పొద్దు మైకు వినపడంగనే నన్ను దగ్గరికి పిలిచె. 'వదినా, దీన్ని తీసకపోయి ఇచ్చెయ్. ఆయన పేరు చెప్పాకు, చెప్తే తిరిగిస్తారు. ఇది ఉన్నెన్నాళ్లూ ఆయన బయటనే ఉంటాడు' అనె. నేను వద్దంటి. 'వదినా, ఆయప్ప వీపే చూస్తాండా నాలుగు నెల్ల నుంచి. రోంత మొగం చూసుకుంటా' అనె. ఇంగేం చేతు? పెద్ద ఈరన్న ఇంట్లోదని చెప్పి ఇచ్చేసినా."

"మరి ఈ మూడు?"

"అవి నాయి అని తీపిచ్చుకునె. నువ్వు పక్కన కూచ్చున్నంక ఇసిరి కొడుతుందంట నిన్ను. అడిగినా ఒకసారి, ఏమ్మా కొట్టలేదే అని. ఇసిరే పని పడలేదు వదినా అనె."

ఓబులేసు మూడు గుండ్లూ ఏరి జేబులో వేసుకున్నాడు, వాషరు మోసిన జేబులోనే. ఆ రోజంతా ముక్కాలిపీట మీదే కూర్చున్నాడు.

వారం తర్వాత ఉమామహేశ్వర కారు ఇంటి ముందు ఆగింది. "ఓబులేసన్నా, కోడ్ అయిపోయినాది. తుపాకీ వాపసు తీసుకోమంటాండారు. ఏందో కారణం రాయాలంట గుండ్లకు. నాకేం తెలుసన్నా? నువ్వు రా. తుపాకీ నీకాడనే పెట్టుకో. మల్లా ఎలక్షన్లకు గాలి పట్టి ఇస్తే చాలు."

గిడ్డయ్య ఓబులేసును చూసి కుర్చీ జరిపాడు. మామూలుగా ఆ కుర్చీ ఎవరికీ జరపడు. "తెలిసినాదప్పా" అన్నాడు. రిజిస్టరు తెరిచాడు. "వచ్చిన గుండ్లు ఆరు. ఉన్నవి రెండు. ఒగటి తనిఖీలో వాడినాం, రాసినా. మూడింటికి లెక్క కావాల. ఎవరి మీద వాడినారు, ఎందుకు వాడినారు. ఈ గడిలో."

ఓబులేసు చేయి జేబులోకి పోయింది. మూడూ అక్కడే ఉన్నాయి. బల్ల మీద పెడితే లెక్క సరిపోతుంది. మూతపడుతుంది రిజిస్టరు. చేయి ఖాళీగా బయటికి వచ్చి పెన్ను అందుకుంది. ఎవరి మీద అన్న గడిలో తన పేరు రాశాడు. ఎందుకు అన్న గడిలో ఒక్క మాట రాశాడు.

ఊరికే.

ఉమామహేశ్వర చదవకుండానే కింద సంతకం పెట్టాడు. గిడ్డయ్య చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఇట్లాంటి కారణం పైన ఒప్పుకుంటారా అప్పా?" అన్నాడు కానీ, కొట్టేయలేదు.

పదిహేను రోజులకు పైనుంచి జవాబు వచ్చింది: కారణం సంతృప్తికరంగా ఉన్నది.